ఏ పుస్తకంలోది అని కాదు, ఏ చిత్రం చూసి చేశారని అడగాలి

ఇంగ్లండు వేలం కేటలాగుల్లో స్టాఫర్డ్‌షైర్ బొమ్మల (ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు కుమ్మరులు చేసిన మట్టి బొమ్మల) పేజీలు చూసేవాళ్లకు ఈ తరహా వర్ణన కొత్త కాదు: షేక్‌స్పియర్ నాటక పాత్ర, పంతొమ్మిదో శతాబ్దం నడిమి కాలం, టోపీ అంచున పెచ్చు, మెడ దగ్గర పాత మరమ్మతు. ఎత్తు సెంటీమీటర్లలో ఇస్తారు. బంగారు పూత ఎంత అరిగిందో కూడా రాస్తారు. ఏ నాటకంలో ఏ పాత్రో, ఆ వేషం ఏ నటుడిదో, ఆ నిలబడిన తీరును కుమ్మరి ఎక్కడ చూశాడో చెప్పే మాట మాత్రం చాలాసార్లు ఉండదు. కొనేవాళ్లూ ఆ వరసకే అలవాటుపడ్డారు. ముందు పగుళ్లు వెతుకుతారు, తర్వాత కాలం అడుగుతారు, బొమ్మ ఎవరిదన్న సంగతి ఆఖరుకు వస్తుంది.

గొర్రెలకాపరి జంటలకూ, పొయ్యిగట్టు మీది కుక్కలకూ ఆ వరస సరిపోతుందేమో. సాహిత్యంలోంచి పుట్టిన బొమ్మల దగ్గర అది తలకిందులని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ మూలచిత్రం మొదటిది, కాల్చిన కాలం రెండోది, స్థితి మూడోది. మెడ విరిగి అతికించిన బొమ్మ అయినా సరే, అది ఏ ముద్రణను చూసి చేసిందో రుజువైతే, మూలం తెలియకుండా నిగనిగలాడే బొమ్మకన్నా ముందు కొనదగినది అదే. ఎందుకో చెప్పాలంటే ఈ బొమ్మలు ఎలా పుట్టాయో చూడాలి.

ఇద్దరు ఫాల్‌స్టాఫ్‌లు

షేక్‌స్పియర్ నాటకాల్లోని లావుపాటి హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్‌తో మొదలుపెడదాం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు పింగాణీలో, ఆ తర్వాత స్టాఫర్డ్‌షైర్ మట్టి బొమ్మల్లో విరివిగా కనిపించే ఫాల్‌స్టాఫ్ ఒకడున్నాడు. ఒక చేత డాలు, ఒక చేత కత్తి, ముందుకు తోసుకొచ్చిన పొట్ట, ఈక పెట్టిన టోపీ. ఇది జేమ్స్ క్విన్ అనే నటుడి వేషమని, అతని బొమ్మతో వచ్చిన ముద్రణచిత్రం దీనికి ఆధారమని సేకర్తలు చాలాకాలంగా చెబుతున్నారు. వందేళ్ల తర్వాత ఇంకో ఫాల్‌స్టాఫ్ వచ్చాడు. అతను అమెరికన్ నటుడు జేమ్స్ హెన్రీ హాకెట్. 1850ల తొలినాళ్లలో లండన్‌లో జాన్ టాలిస్ ప్రచురించిన షేక్‌స్పియర్ నటుల చిత్రమాలిక నుంచి నేరుగా మట్టిలోకి దిగినవాడు. ఇద్దరి పేరూ ఒకటే, పుస్తకమూ ఒకటే. అయినా ఇద్దరి మధ్య ఒక శతాబ్దం రంగస్థలం ఉంది. కేటలాగులో ఇద్దరినీ ఫాల్‌స్టాఫ్ అని రాసి ఊరుకుంటే ఆ శతాబ్దం మొత్తం కనపడకుండా పోతుంది.

ఈ రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. బొమ్మకు నమూనా చేసే పనివాడు నాటకం చదివి పాత్రను ఊహించుకునేవాడు కాదు. అతని బల్ల మీద ఒక ముద్రణచిత్రమో, పాట కాగితం పై అట్టో, పత్రికలో వచ్చిన చెక్కుడుబొమ్మో ఉండేది. దాన్ని చూసి మట్టితో నమూనా చేసేవాడు, నమూనా మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసేవాడు. పుస్తకానికీ బొమ్మకూ మధ్య ఎప్పుడూ ఇంకొక బొమ్మ ఉంటుంది.

మూడో రిచర్డ్ రాజు గుడారంలో కలవరపడి లేచే బొమ్మ ఇంకా మంచి ఉదాహరణ. విక్టోరియా కాలంలో చేసినదే, కాని అందులో ఉన్నది పద్దెనిమిదో శతాబ్దపు నటుడు డేవిడ్ గారిక్. 1745 ప్రాంతంలో విలియం హోగార్త్ గీసిన వర్ణచిత్రం, దాని మీద 1746లో వచ్చిన చెక్కుడు ముద్రణ దీనికి మూలం. చాచిన చెయ్యి, వెనక గుడారం తెర, అన్నీ అక్కడివే. గారిక్ 1779లోనే పోయాడు. ఆయన నటన చూసినవాళ్లెవరూ దాదాపు మిగలని రోజుల్లో కూడా ఆ ముద్రణ చేతులు మారుతూ కుమ్మరి దాకా చేరింది. సాహిత్య చరిత్ర పుస్తకాలు చెప్పని సంగతి ఇది: సామాన్యుడి ఇంట్లో షేక్‌స్పియర్ ఏ ముఖంతో బతికాడన్నది.

షేక్‌స్పియర్ సొంత బొమ్మ సంగతీ అంతే. పుస్తకాల దొంతర మీద మోచెయ్యి ఆనించి, ఒక కాలు ఇంకో కాలికి అడ్డంగా వేసి, వేలితో కాగితపు చుట్టను చూపించే ఆ భంగిమ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలో 1741లో నిలిపిన పీటర్ షీమేకర్స్ స్మారకశిల్పానిది. దాన్ని డార్బీ పింగాణీవాళ్లు తీసుకున్నారు, స్టాఫర్డ్‌షైర్‌వాళ్లు తీసుకున్నారు, మిల్టన్‌ను జత చేసి జంటగా అమ్మారు. ఆ కాలి మడత, ఆ చూపుడువేలు కనిపిస్తే పేరు రాసి లేకపోయినా అనుమానం అక్కర్లేదు.

ఇక రోమియో జూలియట్ల జంట. ఒక రకం బొమ్మలో రోమియో ముఖం గట్టి దవడతో, బరువైన కళ్లతో కాస్త విలక్షణంగా ఉంటుంది. అది అమెరికన్ నటి షార్లట్ కుష్మన్. 1845 చివర్లో లండన్ హేమార్కెట్ నాటకశాలలో ఆమె రోమియోగా, చెల్లెలు సూసన్ జూలియట్‌గా వేశారు. ఊరంతా విరగబడి చూసిన ప్రదర్శన అది. అంటే ఆ ప్రేమజంట ఇద్దరూ ఆడవాళ్లు, పైగా అక్కచెల్లెళ్లు. ఇది తెలియకుండా ఆ బొమ్మను రోమియో జూలియట్ అని కొని అల్మరాలో పెట్టుకున్నవాడి దగ్గర ఉన్నది సగం బొమ్మే.

చిత్రమే ముందు పుట్టిన చోట

డాక్టర్ సింటాక్స్ బొమ్మలు నా వాదనకు ఇంకో మెట్టు. నల్లకోటు, తెల్లవిగ్గు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, సన్నటి కాళ్లు. ప్రకృతి అందాలు వెతుక్కుంటూ ముసలి గుర్రం మీద ఊళ్లు తిరిగే పాదిరి. ఇక్కడ కవిత్వం చూసి చిత్రాలు గీయలేదు. థామస్ రోలండ్‌సన్ గీసిన చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, అప్పులపాలై కింగ్స్ బెంచ్ జైలు పరిధిలో ఉన్న విలియం కూంబ్ వాటికి సరిపడా పద్యాలు అల్లాడు. 1809 నుంచి పత్రికలో వచ్చాయి, 1812లో పుస్తకం అయ్యాయి. ఆ మీదట రెండు యాత్రలు కూడా వచ్చాయి. కోబ్రిడ్జ్‌లోని క్లూస్ సోదరులు అవే చిత్రాలను నీలిరంగు పళ్లేల మీద అచ్చువేసి అమెరికాకు పంపారు. ఇలాంటి బొమ్మను సాహిత్యప్రేరితం అనడం సగం నిజం. సాహిత్యమే చిత్రప్రేరితం.

అందుకే సింటాక్స్ బొమ్మ కొనేటప్పుడు రోలండ్‌సన్ చిత్రాల సెట్టు పక్కన పెట్టుకుని చూడాలి. చేతిలో ఏముంది, పుస్తకమా, పేకముక్కలా? కూర్చున్నాడా, నడుస్తున్నాడా? ఏ చిత్రంతోనూ కలవకపోతే రెండే సంగతులు: చిత్రం నుంచి కుమ్మరి కొంత దూరం జరిగాడు, లేదా అది సింటాక్స్ కాదు, ఎవరో మామూలు పాదిరి. నల్లకోటు వేసుకున్న సన్నటి మనిషినల్లా సింటాక్స్ అని అమ్మడం వేలం గదుల్లో అలవాటు.

టామ్ ఓ షాంటర్, సూటర్ జానీ జంటకు మూలం ముద్రణ కూడా కాదు, రాతి శిల్పం. ఆ ఇద్దరూ పాత్రలుగా ఉన్న స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ కవిత 1791లో అచ్చయింది. 1828లో ఎయిర్‌షైర్‌కు చెందిన జేమ్స్ థామ్ అనే రాతిపనివాడు, గురువు లేకుండా నేర్చుకున్నవాడు, ఆ ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి నిలువెత్తు ఇసుకరాతిలో చెక్కాడు. ఆ శిల్పాలను ఊరూరా తిప్పి టికెట్టు పెట్టి చూపించారు. ఇప్పుడవి అలోవేలో బర్న్స్ స్మారకం దగ్గర ఉన్నాయి. చేతిలో ముంత, మోకాళ్ల మీద బరువు, సాగదీసిన కాళ్లు, అన్నీ కుమ్మరి అక్కడినుంచే తెచ్చుకున్నాడు. కవితలో ముఖ్యం దయ్యాల నాట్యం, గుర్రం పరుగు. బొమ్మలో మిగిలింది ఇద్దరు తాగుబోతు మిత్రుల కబుర్లు. ఈ తేడా చూడటంలోనే సేకరణ రుచి ఉంది.

డిక్ టర్పిన్ మాట కూడా చెప్పాలి. 1739లో యార్క్‌లో గుర్రాల దొంగతనానికి ఉరితీసిన నేరస్థుడు. బ్లాక్ బెస్ అనే గుర్రమెక్కి లండన్ నుంచి యార్క్‌కు ఒక్క పరుగున వెళ్లిన వీరుడిగా అతన్ని జనం గుండెల్లో నిలిపింది హారిసన్ ఐన్స్‌వర్త్ 1834 నవల, ఆస్ట్లీ సర్కస్‌లో గుర్రాలతో ఆడిన ఆ యాత్ర. టర్పిన్, ఇంకో దారిదొంగ టామ్ కింగ్ ఎదురెదురుగా గుర్రాల మీద ఉండే జంట స్టాఫర్డ్‌షైర్‌లో దశాబ్దాల పాటు చేశారు. 1970లో గోర్డన్ ప్యూ తన గ్రంథంలో ఈ బొమ్మలను వర్గాలుగా విడగొట్టినప్పుడు నాటకరంగం ఒక వర్గం, నేరాలు ఒక వర్గం, రచయితలు ఇంకో వర్గం అయ్యాయి. నేటికీ అందరం ఆ వర్గాల అక్షరాలతోనే మాట్లాడుకుంటాం, దానికి ఆయనకు రుణపడి ఉన్నాం. కాని ఆ పద్ధతిలో టర్పిన్ నేరస్థుల్లోకీ, షేక్‌స్పియర్ రచయితల్లోకీ, కుష్మన్ సోదరీమణులు నాటకంలోకీ పోయారు. సాహిత్య బొమ్మలన్నవి ఒకచోట కుదురుగా లేవు. మూలచిత్రం వెంట నడిస్తే తప్ప వీటిని కలిపే దారం దొరకదు.

పీఠం మీది పేరు

పేరు రాసి ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. పేరును అంతగా నమ్మడం ప్రమాదం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ కింద వాషింగ్టన్ అని రాసి అమ్మిన స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు అందరికీ తెలిసినవే. అదే అచ్చుకు గిరాకీని బట్టి వేరే పేరు వేయడం ఆ కార్ఖానాల్లో మామూలు. జనం గుర్తుపట్టి కొంటే చాలు.

పేరు వేసే పద్ధతి మూడు రకాలు. అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చిన పెద్దక్షరాలు ఒకటి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు అచ్చుయంత్రపు అక్షరాలతో లోపలికి నొక్కినవి రెండోది. గ్లేజు (మట్టి మీది గాజులాంటి పూత) మీద కుంచెతో బంగారు రంగులో రాసిన గొలుసుకట్టు రాత మూడోది. మొదటి రెండూ బొమ్మ పుట్టుకతో వచ్చినవి, తర్వాత ఎవరూ చేర్చలేరు. మూడోదాన్ని ఎప్పుడైనా చేర్చవచ్చు. కాబట్టి బంగారు రాతను భూతద్దంతో చూడాలి. అంచుల్లో అరుగుదల చుట్టుపక్కల బంగారు గీతల అరుగుదలతో సమానంగా ఉందా? పీఠం మీది గీత మాసి, పేరు మాత్రం నిన్న రాసినట్టు మెరుస్తుంటే ఆ పేరును లెక్కలోకి తీసుకోకూడదు. పేరు చెరిగిపోయిన చోట కూడా దీపాన్ని పక్కవాటుగా పెట్టి చూస్తే కొన్నిసార్లు గ్లేజు మీద అక్షరాల జాడ కనపడుతుంది.

కాలం తేల్చే పద్ధతి

మూలచిత్రం దొరికితే బొమ్మ అంతకన్నా ముందుది కాదని మాత్రమే తేలుతుంది. ఎంత తర్వాతది అన్నది మట్టి చెప్పాలి. ఇక్కడ ఓపికగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదట ఎత్తు. ఒక పాత బొమ్మ మీదే ప్లాస్టర్ అచ్చు తీసి కొత్తది చేస్తే, మట్టి ఆరి కాలేసరికి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. 30 సెంటీమీటర్ల బొమ్మకు నకలు 27 దగ్గర తేలుతుంది. గ్రంథాల్లో నమోదైన ఎత్తుకూ చేతిలోని బొమ్మ ఎత్తుకూ అర సెంటీమీటరు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, చేతిపనిలో అంత తేడా ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్లు తగ్గితే గట్టిగా అనుమానించాలి. కాకపోతే కొన్ని బొమ్మలు ఆ రోజుల్లోనే రెండు మూడు సైజుల్లో చేశారు. అందుకని ఎత్తుతో పాటు స్పష్టత కూడా చూడాలి: కళ్ల గుంటలు, వేళ్ల మధ్య సందులు, గుండీలు. నకలు అచ్చులో ఇవి మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

తర్వాత అడుగున గాలి రంధ్రం. విక్టోరియా కాలపు బొమ్మలు చాలావరకు మట్టిని పలకగా తట్టి, ముందు వెనుక అచ్చుల్లోకి వేళ్లతో అదిమి, అంచులను పలుచటి బంకమట్టితో అతికి చేసినవి. లోపల గాలి వేడెక్కి బొమ్మ పగలకుండా చిన్న రంధ్రం పెట్టేవారు, రెండు మూడు మిల్లీమీటర్ల నుంచి అయిదారు దాకా. జారుడు మట్టిని (నీళ్లు కలిపి పలుచన చేసిన మట్టిని) అచ్చులో పోసి, గోడ కట్టాక మిగిలింది వంచేసే పోత పద్ధతిలో అడుగున సెంటీమీటరుకు మించిన రంధ్రం మిగులుతుంది, బొమ్మ తేలిగ్గా ఉంటుంది, వేలుపెట్టి చూస్తే లోపలి గోడ బయటి వంపులనే అనుసరిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు నకళ్లలో ఎక్కువ భాగం ఇవే. కాని పోత పద్ధతి స్టాఫర్డ్‌షైర్‌కు పద్దెనిమిదో శతాబ్దంలోనే తెలుసు. రంధ్రం ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు.

బంగారం మంచి సాక్షి. పాతకాలపు బంగారు పూత కాల్చాక రాపిడితో మెరుగు పెట్టేది. వెచ్చని, కొంచెం మందమైన కాంతి. దాదాపు 1880 నుంచి వాడుకలోకి వచ్చిన ద్రవబంగారం పలుచగా, ఇత్తడిలా తళతళలాడుతుంది, వేలి రాపిడికే అరుగుతుంది. కుష్మన్ జంట మీద ఆ తళతళ కనపడితే అది 1850ల బొమ్మ కాదు. నీలం కోటు సంగతి కూడా చూడాలి. 1840, 50ల్లో గ్లేజు కింద వేసిన ముదురు కోబాల్టు నీలం లోతుగా, అంచుల్లో కొద్దిగా పారినట్టు ఉంటుంది. మిగతా రంగులు గ్లేజు పైన తక్కువ వేడిలో కాల్చిన ఎనామిల్. అందుకే నల్లరంగు బూట్ల దగ్గర, జుట్టు దగ్గర పొలుసులుగా లేవడం సహజం, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. గ్లేజు మీది సన్న పగుళ్లు ఒంటినిండా ఒకే సైజు వలలా, గోధుమరంగు మురికితో సమానంగా నిండి ఉంటే అవి కావాలని తెచ్చినవని అర్థం.

అన్నిటికన్నా కష్టం, పాత అచ్చులోంచే తర్వాతి కాలంలో తీసిన బొమ్మ. బర్స్‌లెమ్‌లో విలియం కెంట్ కంపెనీ పాత నమూనాలను 1962 దాకా చేసింది. లాంగ్టన్‌లో సాంప్సన్ స్మిత్ కార్ఖానాలో 1948లో మూలపడ్డ పాత అచ్చులు బయటపడితే వాటితో మళ్లీ బొమ్మలు తీశారు. వీటికి ఎత్తు సరిపోతుంది, అదిమి చేసిన పద్ధతీ సరిపోతుంది. తేడా రంగుల్లో, బంగారంలో, ముఖం గీసిన చేతివాటంలో ఉంటుంది. ఇలాంటివాటిని మోసం అనలేం. వాటి అసలు కాలం చెప్పి ఆ ధరకు అమ్మితే అవీ ఆ కథలో భాగమే.

ముఖాలు గీసినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు చాలామంది. 1841లో సామ్యూల్ స్క్రివెన్ అనే అధికారి పార్లమెంటు కమిషన్ కోసం ఆ కుండల ఊళ్లలో పిల్లల వాంగ్మూలాలు తీసుకున్నాడు. వేడి గదుల మధ్య అచ్చులు మోస్తూ పరిగెత్తిన పిల్లలు, సీసం కలిసిన గ్లేజులో చేతులు ముంచి జబ్బుపడ్డవాళ్లు ఆ నివేదికలో ఉన్నారు. ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి ఉన్న జూలియట్‌ను చూసి నాసిరకం అనేముందు ఈ సంగతి గుర్తుండాలి.

స్థితి వాదం

నా వరసకు గట్టి అభ్యంతరం ఒకటుంది. మళ్లీ అమ్మాల్సి వస్తే? మరమ్మతు బొమ్మకు కొనేవాడు దొరకడు, దొరికినా మంచిదానికి వచ్చే ధరలో చిన్న భాగమే వస్తుంది. నిజం. పెట్టుబడిగా కొనేవాళ్లకు నా సలహా పనికిరాదు, వాళ్లు స్థితినే ముందు చూసుకోవాలి. కాని మామూలు స్టాఫర్డ్‌షైర్ బొమ్మల ధరలు రెండు మూడు దశాబ్దాల క్రితంకన్నా బాగా పడ్డాయి. పెట్టుబడి లెక్క వేసుకుని కొన్న మచ్చలేని బొమ్మలు కూడా ఆ పతనంలో కొట్టుకుపోయాయి. మూలం రుజువైన బొమ్మ విలువ అలా బజారుతో ఊగదు, ఎందుకంటే అది తెలుసుకున్న విషయం.

ఇంకో అభ్యంతరం నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. మరమ్మతులో ఆధారమే మారిపోతే? విరిగిన చెయ్యిని మరమ్మతుదారు ఊహతో తిరిగి చేస్తే, మూలచిత్రంతో పోల్చడానికి ఉన్న గుర్తే పోతుంది. హాకెట్ చేతిలో ఉండాల్సింది పోయి ఇంకేదో వస్తుంది. అందుకే నా వరసలో స్థితి మూడోదే అయినా, మరమ్మతు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం మాత్రం మొదటి రోజే చేయాలి. మెడలు, చాచిన చేతులు, కత్తులు, టోపీ ఈకలు, గుర్రం కాళ్లు, వెనకాల మట్టి ఆకుల చెట్టు, ఇవి విరిగే చోట్లు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి కింద చీకట్లో చూస్తే పైన చల్లిన కొత్త రంగు చాలాసార్లు పాలిపోయిన వేరే వెలుగుతో బయటపడుతుంది. కొత్తరకం రంగులు కొన్ని అలా పట్టుబడవు. అప్పుడు సన్నటి సూదిమొనను ఒత్తకుండా జరపాలి: గ్లేజు మీద జారిపోతుంది, రంగు మీద పట్టినట్టు ఆగుతుంది. పెదవికి ఆనిస్తే గ్లేజు చల్లగా, రంగు అంత చల్లగా లేకుండా తగులుతుంది. అసిటోన్ దూదిని సొంత బొమ్మ మీద తప్ప వాడకూడదు.

శుభ్రం చేయడం దగ్గరే ఎక్కువ బొమ్మలు పాడవుతున్నాయి. నీళ్లలో ముంచకూడదు. గాలి రంధ్రంలోంచి, సన్న పగుళ్లలోంచి లోపలికి చేరిన నీరు నెలల తరబడి ఉంటుంది, పాత సరేసు అతుకులు ఊడిపోతాయి. బ్లీచింగ్ అసలు వద్దు. లోపల మిగిలిన ఉప్పు స్ఫటికాలు గట్టిపడి గ్లేజును పెచ్చులుగా లేపుతాయి. రంధ్రానికి దూది అడ్డుపెట్టి, శుద్ధనీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు కలిపి, దూదిపుల్లతో కొద్దికొద్దిగా తుడవాలి. బంగారు రాత మీద, పొలుసు లేచిన నలుపు మీద అదీ వద్దు. పాతకాలం లోహపు కుట్లు ఉంటే తీయకండి. ఒకప్పుడు ఆ బొమ్మను పారేయకుండా ఎవరో డబ్బిచ్చి బాగుచేయించుకున్నారనడానికి అవి రుజువు.

టామ్ బాబాయి బొమ్మలు

అంకుల్ టామ్ బొమ్మల దగ్గర చాలామంది సేకర్తలు తటపటాయిస్తారు. అమెరికాలో బానిసత్వం మీద హ్యారియట్ బీచర్ స్టో రాసిన నవల 'అంకుల్ టామ్స్ కేబిన్' 1852లో ఇంగ్లండును ఊపేసింది. అదే ఏడు కాసెల్ ప్రచురణకు జార్జ్ క్రూక్‌షాంక్ బొమ్మలు గీశాడు, పాట కాగితాల అట్టల మీద బానిస టామ్, యజమాని కూతురు ఈవా కనిపించారు. స్టాఫర్డ్‌షైర్ బొమ్మల్లో టామ్ ఒళ్లో చిన్నారి ఈవా, బానిస పిల్ల టాప్సీతో ఈవా, పారిపోయే బానిసలు జార్జ్, ఎలైజా హారిస్ దంపతులు వచ్చారు. బానిసత్వానికి వ్యతిరేకంగా కదిలిన మనసులు కొన్న బొమ్మలివి. అయినా ఇప్పటి కళ్లకు వాటిలో కొన్ని వెకిలిగా తోస్తాయి, ముఖ్యంగా టాప్సీ.

వీటిని దాచేయడం సరికాదనే నేననుకుంటాను, కాని ఊరికే వరసలో పెట్టేయడం ఇంకా తప్పు. ఇక్కడ మూలచిత్రం పక్కన ఉండటం అవసరం. నవల ఏం చెప్పింది, చిత్రకారుడు దాన్ని ఎలా మార్చాడు, కుమ్మరి ఇంకెంత మార్చాడు అన్న మూడు మెట్లు కనపడితే చూసేవాళ్లే బేరీజు వేసుకుంటారు. మూలం చెప్పకుండా ముద్దుగా ఉందని కొనే టాప్సీ బొమ్మ ఎవరి ఇంట్లోనూ ఉండకూడదనిపిస్తుంది.

వెతకడం ఎలా

మన బొమ్మల కొలువులో దశావతారాలు చూసిన పిల్లవాడు పురాణం చదవకుండానే నాగలితో బలరాముణ్ని, గొడ్డలితో పరశురాముణ్ని గుర్తుపడతాడు. పొయ్యిగట్టు మీద టర్పిన్‌ను పెట్టుకున్న ఇంగ్లీషు కూలీ గుర్తుపట్టిందీ అలాగే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో మార్గరీటా కనిపించే చెక్క శిల్పం ముందు నిలబడేవాళ్లలో ఆ పాత్రలున్న గేటే నాటకం 'ఫౌస్ట్' చదివినవాళ్లు ఎందరుంటారు? అయినా ఆ ఇద్దరూ మన ఊళ్లో ఎందరికో తెలుసు. చదవనివాళ్ల దాకా కథను మోసుకొచ్చింది రూపమే కాబట్టి, ఆ రూపం ఎక్కడ మొదలైందో వెతకడం సేకర్త చేయదగ్గ పని.

ఇంటి నుంచే చేయగలిగిన పని కూడా. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, వాషింగ్టన్‌లోని ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయం తమ ముద్రణచిత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టాయి. పాత్ర పేరుతో వెతికితే వందలు వస్తాయి, నటుడి పేరు జోడించాలి. నటుడు తెలియకపోతే దుస్తులతో మొదలుపెట్టాలి: మెడ పట్టీ, బూటు మడత, టోపీ ఈక ఏ పక్కకు వాలింది. ముఖం మీద ఆధారపడవద్దు, అది బొమ్మబొమ్మకూ మారుతుంది. చిత్రం కుడిఎడమలు తిరగబడి ఉన్నా కొట్టిపారేయకూడదు. ఒక ముద్రణను చూసి ఇంకొకరు రేకు మీద నేరుగా చెక్కితే అచ్చులో తిరగబడుతుంది, కుమ్మరికి దొరికింది ఆ దొంగముద్రణే కావచ్చు. పైగా పొయ్యిగట్టుకు రెండు చివర్లా పెట్టేందుకు జంటలో ఒకదాన్ని కావాలనే ఎదురుగా తిప్పేవారు. టాలిస్ చిత్రాల నుంచి చేసిన బొమ్మలైతే ముందు వెనుకా రెండు వైపులా మలిచి రంగు వేసి ఉంటాయి. వీపు చదునుగా ఖాళీగా ఉన్న షేక్‌స్పియర్ పాత్రకు మూలం ఇంకెక్కడో వెతకాలి.

దొరకనివి చాలా ఉంటాయి. ఈక టోపీ, పొట్టి అంగీ వేసుకున్న పేరులేని నటీనటుల జంటలు వేలకొద్దీ చేశారు, వాటిలో ఎన్నో ఏ నాటకానివో ఇంకా తేలలేదు. నా వరస ప్రకారం ఇవన్నీ వెనకబెంచీకి పోవాలి, అది వాటికి అన్యాయం అనేవాళ్లతో నేను పూర్తిగా విభేదించలేను. వాటిలో ఒక్కటైనా కొని మూలం కోసం వెతుకుతూ ఉండటం మంచిదే. కాకపోతే నాటక పాత్ర అన్న ఊహకు అదనంగా డబ్బు ఇవ్వకూడదు, పేరులేని అలంకార బొమ్మ ధరకే కొనాలి.

మూలం దొరికిన రోజున ఆ ముద్రణచిత్రం నకలు, ఏ సంగ్రహంలో ఏ సంఖ్య కింద ఉందో, బొమ్మ ఎత్తు, రంధ్రం కొలత, మరమ్మతు జరిగిన చోట్లు ఒక కాగితం మీద రాసి విడిగా దాచాలి. అడుగున అంటించకూడదు, జిగురు గ్లేజు పగుళ్లలోకి దిగుతుంది. బ్రిటన్ నుంచి ఇండియాకు తెచ్చుకునేవాళ్లు కొన్న రసీదు, దిగుమతి కాగితాలు దాంతో కలిపి ఉంచుకోవాలి, వందేళ్లు దాటిన వస్తువును మళ్లీ దేశం దాటించాల్సి వస్తే 1972 పురావస్తువుల చట్టం కింద ప్రశ్నలు వస్తాయి. ప్యాకింగులో చాచిన చేతులకూ కత్తులకూ ముందు మెత్తటి పలుచటి కాగితం చుట్టి, ఆ తర్వాతే బుడగల కవరు వేయాలి. పెట్టెలో పెట్టె పెట్టి, రెండింటి మధ్య అన్ని వైపులా కనీసం అయిదు సెంటీమీటర్లు నింపాలి. జంటను ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టి పంపే అమ్మకందారుకు ముందే రాసి, రెండు విడి పెట్టెలు అడగండి.